వందేళ్ల నీలాపనింద

భాద్రపద శుద్ధ చవితి నాటి చంద్రుణ్ని చూసిన పాపానికి కృష్ణుడంతటివాడు శమంతకమణి దొంగ అనిపించుకున్నాడు. మణి పోయిన చోట ఆయన లేడు, మణి ఆయన దగ్గర దొరకనూ లేదు. అంతకుముందోసారి దాన్ని అడిగాడన్నదొక్కటే ఊరివాళ్ల చేతిలో ఉన్న సాక్ష్యం. ఓవిరాప్టర్ అనే చిన్న డైనోసార్ మీద పడ్డ కేసు అంతకన్నా గట్టిది, ఎందుకంటే అది సరాసరి గుడ్ల మీదే దొరికిపోయింది. 1923 జులై 13న మంగోలియాలో, గోబీ ఎడారిలోని ఎర్రటి కొండచరియల దగ్గర, అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తరఫున రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ నడిపిన యాత్రలో జార్జ్ ఓల్సెన్ అనే సభ్యుడి కంట శిలాజమైన గుడ్లు పడ్డాయి. వాటి పైన, బెత్తెడు ఇసుక ఎడంలో, నలిగిన పుర్రెతో ఒక జంతువు అస్థిపంజరం ఉంది. మరుసటి ఏడాది మ్యూజియం అధ్యక్షుడు హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బోర్న్ దానికి ఓవిరాప్టర్ ఫిలోసెరటాప్స్ అని పేరు పెట్టాడు. ఆ పేరుని విడదీసి చెప్పుకుంటే, కొమ్ముల డైనోసార్ల మీద మోజున్న గుడ్ల దొంగ అని అర్థం. దొంగ కాదని తేలి ముప్పై ఏళ్లు దాటింది, అది పాత కబురే. దొంగ అన్న తీర్పు ఎంత తొందరపాటో, దాని స్థానంలో ఇప్పుడు ఇస్తున్న ఆదర్శమాత బిరుదూ అంతే తొందరపాటని నా వాదన. ఆ తొందరపాటు వల్ల నష్టపోయింది చచ్చి రాయైపోయిన జంతువు కాదు, దాన్ని చదవాల్సిన మనం.

ముందు ఆరోపణ ఎలా నిలబడిందో చూద్దాం. ఆ చరియల చుట్టుపక్కల అడుగడుక్కీ ప్రోటోసెరటాప్స్ అనే మెడపట్టీ డైనోసార్ ఎముకలే దొరికేవి. కాబట్టి గుడ్లు దానివే అనుకున్నారు. గుడ్ల మీద ఉన్న జంతువుకి పళ్లు లేవు, చిలక ముక్కులాంటి పొట్టి ముక్కుంది, దవడ బలమైనది. అలాంటి ముక్కు పెంకు పగలగొట్టడానికి కాక ఇంకెందుకు అనిపించింది. ఈ గొలుసులో మొదటి కొక్కెం ఒక ఊహ, రెండోది మరో ఊహ. ఈ సంగతి ఆస్‌బోర్న్‌కి తెలియకపోలేదు. ఈ పేరు మనల్ని తప్పుదారి పట్టించవచ్చనీ, జంతువు తిండి విషయంలో, స్వభావం విషయంలో అబద్ధం చెప్పవచ్చనీ ఆయన ఆ పత్రంలోనే హెచ్చరించాడు. పాపం, హెచ్చరిక మ్యూజియం పత్రంలోనే ఉండిపోయింది, పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. అదే పత్రంలో ఆయన పేరు పెట్టిన మరో జంతువు వెలోసిరాప్టర్. సినిమా పుణ్యాన అది ఈకలు ఊడి, మనిషంత ఎత్తు పెరిగి, వంటగదుల్లో పిల్లల్ని వేటాడింది. అసలు జంతువు ఒక సీమకోడి కన్నా పెద్దది కాదు, ముంజేతి ఎముక మీద ఈకలు పాతుకున్న బుడిపెలు ఉన్నట్టు 2007లో తేలింది కూడా. ఒకే పత్రంలో పుట్టిన ఇద్దరిలో ఒకరికి లేని ప్రతాపం దక్కింది, మరొకరికి లేని నేరం అంటుకుంది.

కేసు కొట్టేసింది ఒక పిండం. 1993లో అమెరికన్, మంగోలియన్ శాస్త్రవేత్తలు గోబీలోనే ఉఖా తోల్గోద్ అనే చోట తవ్వుతుంటే, 1923 నాటి రకం గుడ్డే ఒకటి సగం విరిగి దొరికింది. లోపల ఇంకా పుట్టని పిల్ల ఎముకలున్నాయి. అవి ప్రోటోసెరటాప్స్‌వి కావు, ఓవిరాప్టర్ కుటుంబానివి. ఆ తవ్వకాల్లో ఉన్న మార్క్ నోరెల్ బృందం 1994లో ఈ సంగతి ప్రచురించడంతో సొత్తు ఎవరిదో తేలిపోయింది. గుడ్లు దొంగవే, అంటే దొంగే లేడు. కొసరుగా 2020లో ఇంకో విశేషం బయటపడింది: ప్రోటోసెరటాప్స్ పెట్టే గుడ్లకి గట్టి పెంకే ఉండేది కాదట, తోలులా మెత్తగా ఉండేవి. దోపిడీకి గురైందని మనం జాలిపడ్డ జంతువు అలాంటి గుడ్లు ఏనాడూ పెట్టలేదన్నమాట. దాదాపు డెబ్బై ఏళ్లపాటు, సొత్తు పోనివాడి తరఫున ఫిర్యాదు రాసుకుని, సొంతదారునే బోనులో నిలబెట్టాం.

ఆరోపణ వీగిపోవడం వేరు, అది నిజంగా ఏం చేస్తోందో తెలియడం వేరు. రెండోదానికి జవాబు కూడా ఉఖా తోల్గోద్‌లోనే దొరికింది. అక్కడ బయటపడ్డ ఒక పెద్ద అస్థిపంజరాన్ని దగ్గరగా చూడాలి. పైభాగం కోతకి గురై తల పోయింది. మిగిలినదంతా సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట ఇసుక మీద పడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కాళ్లు మడిచి, పాదాలు పొట్ట కిందికి లాక్కుని, గూటి నడిమధ్యన కూర్చుంది. కనీసం 15 గుడ్లు దాని చుట్టూ వలయంగా ఉన్నాయి. చేతులు రెండూ వెనక్కి వంగి, వలయం అంచులను చుట్టేసి ఉన్నాయి. గంపలో పొదుగుకి కూర్చున్న పెట్టను చూసినవాళ్లకి ఈ భంగిమ కొత్తగా అనిపించదు. రెక్కలు కొంచెం వదులు చేసి, గుడ్డు ఒక్కటి కూడా బయట కనపడకుండా పరుచుకుంటుందే, అదే ఇది. ఈ జంతువుకి 2001లో పెట్టిన పేరు మనకి విడమర్చి చెప్పాల్సిన పని లేదు: చితిపతి. సంస్కృతం నుంచి టిబెట్ బౌద్ధం చేరిన మాట. అక్కడి కథలో చితిపతులు అస్థిపంజరాలుగా ఆడే శ్మశానపు జంట. ధ్యానంలో ఉన్న ఇద్దరు తాపసుల తలలు ఒక దొంగ నరికితే వాళ్లు అలా అయ్యారట. తల లేకుండా గుడ్ల మీద కదలకుండా కూర్చున్న జంతువుకి, అదీ దొంగ అన్న మాట పడ్డ వంశంలోని దానికి, ఇంతకన్నా అతికిన పేరు దొరకదు.

ఆ కూర్చోవడంలో పక్షి ఎంత ఉంది, మొసలి ఎంత ఉంది అన్నది ఈ జంతువు శరీరంలోనే చదువుకోవచ్చు. ఓవిరాప్టర్ తోకతో కలిపి సుమారు 2 మీటర్లు, బరువు ఒక మోస్తరు గొర్రెంత. చితిపతి దానికన్నా పెద్దది. మణికట్టులో అర్ధచంద్రాకారపు ఎముక ఒకటి ఉంటుంది. దానివల్ల చెయ్యి పక్కకి మడుచుకుంటుంది, పక్షి రెక్క ముడుచుకున్నట్టే. మూడు వేళ్లకీ వంపు గోళ్లున్నాయి కాబట్టి దాన్ని రెక్క అనలేం, అలాగని ఉత్త చెయ్యి అనడానికీ మనసొప్పదు. గోబీ ఇసుకలో ఈకలు నిలవవు. కానీ చైనాలోని లియావోనింగ్‌లో దొరికి, 1998లో లోకానికి తెలిసిన కౌడిప్టెరిక్స్ ఇదే వంశపు పాత శాఖ. మెత్తటి ఒండ్రు రాయి దాని చేతుల మీదా తోక కొసనా ఈకల అచ్చు చెక్కుచెదరకుండా దాచింది. ఇక గుడ్ల సంగతి. కోడికి పనిచేసే అండవాహిక ఒక్కటే, అందుకే విడతకి ఒక్క గుడ్డు. మొసలికి రెండు వాహికలు, గుడ్లన్నీ ఒకేసారి కుప్పగా పెట్టేస్తుంది. చైనాలోని జియాంగ్సీ రాష్ట్రంలో దొరికిన ఇదే వంశపు కటి ఎముకల మధ్య పెంకు కట్టిన గుడ్లు సరిగ్గా రెండు కనిపించాయని 2005లో ప్రకటించారు. అంటే మొసలిలా రెండు వాహికలున్నాయి, కానీ ఒక్కోదాంట్లో విడతకి ఒక్క గుడ్డే, పక్షిలాగా. గూట్లో గుడ్లు జతలు జతలుగా ఎందుకున్నాయో దీంతో తేలింది. పొడుగాటి గుడ్లు, మొద్దు కొస గూటి నడుమకి తిప్పి, వలయం మీద వలయంగా రెండు మూడు వరసలు. ఇన్నిటిని ఇలా పేర్చాలంటే తల్లి రోజుల తరబడి గూటికి తిరిగి తిరిగి రావాలి, ప్రతిసారీ మధ్యన నిలబడి కొంచెం కొంచెం తిరుగుతూ జత జతగా పెట్టాలి.

అది గుడ్లు పొదుగుతోందన్న మాటకి వచ్చిన అభ్యంతరాలు తీసిపారేసేవి కావు. మొదటిది, అది పొదుగుతోందని ఎందుకనుకోవాలి, గుడ్లు పెడుతూ ఉండగానే ఇసుక మీద పడిందేమో, లేదా ఎండ తగలకుండా, దొంగలు రాకుండా కాపలా కూర్చుందేమో అని. మంగోలియా గూళ్లను మాత్రమే చూస్తే ఈ మాటని పూర్తిగా కొట్టెయ్యలేం. జవాబు జియాంగ్సీలోని గాంజౌ నుంచి వచ్చింది. అక్కడ దొరికిన మరో జంతువు కనీసం 24 గుడ్ల మీద కూర్చుని ఉంది, వాటిలో కనీసం ఏడింటిలో పిండాల ఎముకలున్నాయి. అవి ఎదిగిన పిండాలు, కొన్ని కొంచెం ముందు, కొన్ని కొంచెం వెనక. పెంకుల్లో, ఎముకల్లో ఉన్న ఆక్సిజన్ రకాల నిష్పత్తిని కొలిస్తే పక్షి గుడ్లకి అందే స్థాయి వేడే వీటికీ అందినట్టు తేలింది. గుడ్లు పెట్టే దశ ఏనాడో దాటిపోయింది. పిల్లలు బయటికి రావడానికి దగ్గరపడే దాకా అది అక్కడే ఉంది. రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఈ గుడ్లు సగం ఇసుకలో కూరుకుని ఉన్నాయి, కింది వరస పై వరస మాటున ఉంది, మరి ఒంటి వేడి వాటికి ఎలా చేరుతుంది? ఇందులో నిజముంది, ఒప్పుకోవాలి. ఇది కోడి పొదుగు లాంటిది అచ్చంగా కాదు. అయితే పూర్తిగా పాతిపెట్టే గుడ్డు పెంకుకి రంధ్రాలు ఎక్కువ కావాలి, లేకపోతే మట్టిలో పిండానికి ఊపిరాడదు. ఈ వంశపు పెంకుల్లో రంధ్రాలు తక్కువ, గాలి తగిలే గూళ్లలోని గుడ్లకి ఉన్నట్టే. పైగా, చైనాలోని దీని బంధువు హెయువానియా గుడ్ల పెంకులో నీలిపచ్చ రంగునిచ్చే పదార్థం ఉందని 2017లో తేలింది. మట్టిలో పాతిపెట్టే గుడ్డుకి రంగెందుకు? ఈమూ ఫారాలు పెట్టి చేతులు కాల్చుకున్న మన రైతులకి ఆ రంగు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నా మటుకు అన్నిటికన్నా నమ్మకం కలిగించేది గూటి నడుమ ఖాళీ. ఈ వంశంలో కొన్ని జాతులు టన్ను దాటి పెరిగాయి. అంత బరువు గుడ్ల మీద పడితే ఏముంది, అట్టే. కానీ పెద్ద గుడ్లున్న గూళ్లలో మధ్య ఖాళీ కూడా అందుకు తగ్గట్టే పెరిగింది. బరువు నేల మీద, గుడ్లు చుట్టూ. కూర్చునే పనే లేకపోతే ఆ ఖాళీని అంత పొందిగ్గా పెంచుకోవాల్సిన అవసరం ఏమిటి?

ఇంతవరకూ వచ్చాక చాలామంది ఆగరు. నిన్నటి దొంగ ఇవాళ ప్రాణమిచ్చి బిడ్డల్ని కాపాడిన తల్లి అయిపోయింది. వ్యాసాల్లో, డాక్యుమెంటరీల్లో కన్నీళ్లు. ఇక్కడే నాకు పేచీ. మొట్టమొదట, అది తల్లేనా? 2008లో ఒక శాస్త్రవేత్తల బృందం గూట్లోని గుడ్ల మొత్తం పరిమాణాన్ని జంతువు బరువుతో పోల్చి, గుడ్లు పెట్టే ఆడపక్షుల కాలి ఎముకల్లో కనిపించే తాత్కాలిక కాల్షియం పొర వీటిలో లేదని చూపించి, పొదిగింది మగదే కావచ్చు అంది. ఆ లెక్క కట్టిన పద్ధతి మీద తర్వాత అభ్యంతరాలొచ్చాయి కాబట్టి తండ్రి అని కూడా ఖాయంగా అనలేం. కానీ ఈమూలో పొదిగేది మగదే కదా. గుడ్ల మీద కూర్చుంది అనగానే తల్లి అనేయడం మన అలవాటు, ఎముక చెప్పిన మాట కాదు. ఇక ప్రాణత్యాగం సంగతి. ఉఖా తోల్గోద్‌లో వానకి నాని బరువెక్కిన ఇసుక దిబ్బలు ఒక్కసారిగా జారిపడి జంతువుల్ని కప్పేశాయని భూగర్భ శాస్త్రవేత్తలు వివరించారు. దిబ్బ కూలేముందు అది కబురు పెట్టదు. పారిపోయే వీలుండీ పారిపోలేదని మనమెలా అనగలం? పోనీ బొత్తిగా అమాయక జీవా అంటే అదీ కాదు. ఆస్‌బోర్న్ చూసిన తొలి అస్థిపంజరం పొట్ట భాగంలో ఒక బల్లి ఎముకలున్నాయి. ఉఖా తోల్గోద్‌లోని ఒక గూట్లో వేరే జాతి డైనోసార్ పిల్లలవి, అప్పుడే పుట్టినంత చిన్నవి, రెండు పుర్రెలు దొరికాయి. తిండికి తెచ్చిందో, ఆ పిల్లలే గుడ్ల కోసం వచ్చి చచ్చాయో, కాకి గూట్లో కోకిల మాదిరి ఎవరైనా గుడ్డు పెట్టిపోయారో! ఏదైనా కావచ్చు. ఎప్పుడో ఒకప్పుడు పక్క గూటి గుడ్డుని ఇది పగలగొట్టి తాగలేదని నేను ప్రమాణం చెయ్యలేను. దొరికితే కోడి కూడా గుడ్డు తింటుంది. 1923లో పట్టుకున్న ఆ గుడ్ల విషయంలో మాత్రం అది నిర్దోషి. రుజువైనది అంతవరకే.

చచ్చిన జంతువు పరువు కోసం ఇంత గొడవెందుకని అడిగేవాళ్లుంటారు. వాళ్ల కోసమే ఈ కేసులో ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండో పొరపాటు చెబుతాను. కోడి రొమ్ము కొట్టేటప్పుడు మెడ మొదట్లో పంగలకర్రలాంటి సన్నటి ఎముక ఒకటి వస్తుంది. రెండు జత్రువులు, అంటే కంటె ఎముకలు, అతుక్కుపోయి ఏర్పడే ఆ ఎముక పక్షుల ఆనవాలు. 1920లలో పక్షులు ఎవరి సంతతి అన్న చర్చ అంతా దాని చుట్టూ తిరిగింది. డెన్మార్క్‌కి చెందిన చిత్రకారుడు గెర్హార్డ్ హైల్మన్ పక్షుల పుట్టుక మీద రాసిన పుస్తకం 1926లో ఇంగ్లీషులో వచ్చింది. చిన్న మాంసాహార డైనోసార్లు పక్షులకి ఎంత దగ్గరో ఆయన ఎముక ఎముకా పోల్చి చూపించాడు. చివర్లో మాత్రం, డైనోసార్లకి జత్రువులు లేవు, ఒకసారి పోయిన అవయవం మళ్లీ రాదు, కాబట్టి పక్షులు వాటి వారసులు కాలేవు అని తేల్చేశాడు. ఆ తీర్పు నాలుగు దశాబ్దాలకు పైగా పాఠ్యపుస్తకాల్ని ఏలింది. అసలు సంగతేమిటంటే, ఆయన లేదన్న ఎముక అప్పటికే దొరికింది. గుడ్ల మీద పడి ఉన్న ఓవిరాప్టర్ రొమ్ములోనే, పంగలకర్ర ఆకారంలోనే ఉంది. ఆస్‌బోర్న్ 1924లో దాని బొమ్మ కూడా వేయించాడు. అయితే అది జత్రువు అనుకోలేదు, బల్లుల్లో రొమ్ము నడుమ ఉండే మరో ఎముక అనుకున్నాడు. మంగోలియా శాస్త్రవేత్త రించెన్ బార్స్‌బోల్డ్ 1983లో దాన్ని సరిగ్గా గుర్తించేదాకా ఆ బొమ్మ అలాగే ఉండిపోయింది.

హైల్మన్ మాట చెల్లడానికి ఇదొక్కటే కారణం కాదనొచ్చు. నిజమే, ఆయన పుస్తకం గొప్పగా ఉంది, ఎదురు చెప్పేవాళ్లు లేరు. డైనోసార్లంటే మందబుద్ధి రాకాసి బల్లులన్న అభిప్రాయం అప్పటికే ముదిరింది. అమెరికాలోని మోంటానాలో 1964లో దొరికిన డైనోనికస్ అనే డైనోసార్‌ని పట్టుకుని శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ చర్చని మళ్లీ తెరిచేదాకా పరిస్థితి మారలేదు. కానీ ఆలోచించండి: గుడ్ల మీద పడి ఉన్న జంతువు, పక్షి ముక్కు, పక్షి రొమ్ము ఎముక, కింద సొంత గుడ్లు, అన్నీ ఒకే యాత్ర నుంచి న్యూయార్క్ చేరాయి. గుడ్లు తనవేనేమో అని ఎవరైనా ఒక్క ప్రశ్న వేసి ఉంటే, పొదుగుతోందా అన్నది రెండో ప్రశ్న అయ్యేది, పక్షా అన్నది మూడోది. దొంగ అన్న మాట ఆ ప్రశ్నలన్నిటికీ ముందే తలుపు మూసేసింది. దొంగ గుడ్ల మీద ఎందుకుందని ఎవరూ అడగరు కదా.

పేరు మార్చాలని కొందరు అంటుంటారు. జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి ఒప్పుకోదు, అర్థం తప్పైనంత మాత్రాన పేరు చెల్లకుండా పోదు. నన్నడిగితే ఆ నియమం మంచిదే, పేర్లన్నీ సవరించుకుంటూ పోతే నూరేళ్ల పత్రాల్లో ఏ జంతువు ఏదో పోల్చుకోలేం. ఓవిరాప్టర్ ఓవిరాప్టర్‌గానే ఉండనివ్వండి. నా మనవి పిల్లల పుస్తకాలు వేసేవాళ్లకి, పటాలు అచ్చువేసేవాళ్లకి. పేరు కింద గుడ్ల దొంగ అన్న అర్థం రాస్తే, ఆ గుడ్లు దానివేనని పక్కన ఇంకో వాక్యం రాయండి. తల్లి అని రాయాలనిపిస్తే తల్లో తండ్రో అని రాయండి. చేతులకి ఈకలు పెట్టండి. నోట్లో ఉన్న గుడ్డు తీసేసి, వలయంగా పేర్చిన గుడ్ల మధ్యన దాన్ని కూర్చోబెట్టండి. ఆ గుడ్లకి తెలుపు వద్దు, నీలిపచ్చ వెయ్యండి.